మా వంటింట్లో తీసిన సినిమా

జనవరి 27

ఈ రోజు సినిమా వాళ్ళు వచ్చి ఇల్లు చూసి వెళ్ళారు. మా ఆయన కళ్ళద్దాల షాపుకి ఒక లొకేషన్ మేనేజర్ అద్దాలు మార్పించుకోవడానికి వచ్చాడట. మాటల్లో మాటగా, ముస్లింల ఇల్లు ఒకటి కావాలి సార్, కాస్త పాతదై వంటిల్లు పెద్దగా ఉంటే బాగుంటుంది అన్నాడట. ఈయన ఆగుతారా? మా ఇల్లే ఉంది రండి అనేశారు. నాతో ఒక్క మాట లేదు. నేను నేల తుడుస్తుంటే నలుగురు చెప్పులతో తడి మీదికి నడిచొచ్చారు.

వంటిల్లు వాళ్ళకి బాగా నచ్చింది. పొడుగ్గా ఉంటుంది, సందు వైపు కిటికీలోంచి వెలుతురు ఏటవాలుగా పడుతుంది. ఆర్ట్ డైరెక్టర్ మాత్రం ఇల్లంతా తిరిగి పెదవి విరిచాడు. తెల్ల గోడలు, షాపు క్యాలెండరు, కుట్టుమిషను, ఫ్రిజ్. ఇది ముస్లింల ఇల్లులా లేదే అన్నాడు. మేం పెళ్ళైన దగ్గర్నుంచీ ఇందులోనే ఉంటున్నాం బాబూ, ఇంతవరకూ ఎవరూ ఆ సంగతి చెప్పలేదు అన్నాను. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. నవ్వుతూనే ఫోన్‌లో ఏదో రాసుకున్నాడు.

యుద్ధం సినిమా అట.

ఫిబ్రవరి 3

ఏ వస్తువు ఎక్కడ ఉందో గదివారీగా రాసి పెట్టుకున్నాను. షూటింగ్ అయ్యాక ఒక్క చెంచా తక్కువైనా అడుగుతాను. యుద్ధం వాళ్ళు చేస్తున్నారా, నువ్వు చేస్తున్నావా అని ఆయన వేళాకోళం.

ఫిబ్రవరి 5

గోడలకి పచ్చరంగు కొట్టారు. కిటికీకి పూసల తెర, పైకప్పుకి ఇత్తడి దీపాలు, మూల ఒక హుక్కా, ఒక పంజరం. పంజరంలో పావురం. ఇది శత్రుదేశంలో ఇల్లమ్మా, స్క్రీన్ మీద చూడగానే తెలిసిపోవాలి అని ఆర్ట్ డైరెక్టర్ ఓపిగ్గా చెప్పాడు. నా డబ్బాల మీద నేను అతికించుకున్న చీటీలు కూడా పీకేయించాడు. ఆ దేశంలో తెలుగు ఉండదు కదా! ఉప్పుకి కూడా పాస్‌పోర్టు కావాలన్నమాట అన్నారు ఈయన.

సాయంత్రం ఇద్దరం గుమ్మంలో నిలబడి చూశాం. ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చినట్టుంది.

ఫిబ్రవరి 7

వంటింటి చివర, అలమర ఉండే గోడకి మూరెడు ఇవతల ప్లైవుడ్‌తో ఇంకో గోడ నిలబెట్టారు. దానికో చిన్న తలుపు, తలుపుకి అడ్డంగా నా అలమర. కథలో అది రహస్యగది. లోపల మనిషి పక్కకి తిరిగి నిలబడితే నిలబడొచ్చు, అంతే. అసలు గోడ మాకూ పక్కింటికీ కలిపి ఒకటే. అవతల వాళ్ళ పడగ్గది. వాళ్ళు మేకు కొడితే మా డబ్బాలు మోగుతాయి.

పక్కింటి వాళ్ళ పిల్ల పిచ్చుక అప్పుడే స్కూల్ వ్యాన్ దిగి వచ్చింది. పేరు వేరే ఉంది, వాగుడు చూసి నేను పెట్టిన పేరు ఇది. తల్లి ల్యాబ్‌లో టెక్నీషియన్, తండ్రి టైర్ల గోడౌన్‌లో సూపర్‌వైజర్. ఇద్దరూ చీకటి పడితేగానీ ఇంటికి చేరరు. పిల్ల ఆరునెలల గుడ్డుగా ఉన్నప్పటి నుంచీ పగలంతా నా దగ్గరే. ఇప్పుడు రెండో క్లాసు. మాకు పిల్లల్లేరు. ఆ సంగతి రోజంతా గుర్తురాదు, వ్యాన్ రాని సెలవురోజుల్లో తప్ప.

డైరెక్టర్ పిచ్చుకని చూసి, ఈ పాప ఒక షాట్‌లో కనిపిస్తే బాగుంటుంది అన్నాడు. వాళ్ళమ్మకి ఫోన్ చేశాను. నిజంగానా అక్కా, నువ్వు పక్కనుంటే నాకేం భయం, జడలు మాత్రం నువ్వే వెయ్యి అని ఎగిరి గంతేసింది.

ఫిబ్రవరి 8

పిచ్చుక తలకి గుడ్డ కట్టారు. ఇంటావిడ పాత్ర వేసే నటి పాప చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి రహస్యగదిలోకి తోసి తలుపు మూస్తుంది. అదే షాట్. లోపల చీకటి, బయట లైట్లు. రెండోసారి తీసేటప్పుడు లోపల్నుంచి, పెద్దమ్మా ఉన్నావా అని అరిచింది. ఉన్నానమ్మా అని నేనూ అరిచాను. కట్ అన్నారు.

ఆ నటి మంచిది. పొద్దున్నే నా దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంది, మీ పని మీరు చేసుకోండమ్మా, నేను చూస్తాను అంది. గిన్నె మూత మీద గరిటెతో రెండుసార్లు తట్టడం, దుపట్టా కొంగు మెడ వెనక్కి దోపుకోవడం, ఎవరికైనా నీళ్ళిచ్చేటప్పుడు గ్లాసు కింద ఎడమ అరచెయ్యి పట్టడం. ఇవన్నీ నేను చేస్తానని ఆవిడ చేసి చూపిస్తేనే నాకు తెలిసింది.

ప్రతినాయకుడు షుగర్ పేషెంటు. ఇంటినుంచి తెచ్చుకున్న ఉడికించిన కూరగాయలు తింటూ మా ఆయనతో కంటి పవర్ గురించి మాట్లాడాడు. మేకప్ అతను వచ్చి కళ్ళకింద ఇంత మందాన సుర్మా కాటుక పూశాడు. మా ఇంట్లో ఎవరూ పెట్టుకోరు అన్నాను. తెలియాలి కదమ్మా అన్నాడు మేకప్ అతను.

అందరూ తెలియాలి తెలియాలి అంటారు.

ఫిబ్రవరి 13

అన్నీ ఎక్కడివక్కడ పెట్టించాను. ప్లైవుడ్ తీసేశారు. తెల్లరంగు రెండుసార్లు వేయించినా అడుగున పచ్చ తెలుస్తూనే ఉంది. మూడోసారి వేయించాను.

ఆగస్టు 24

సందు సందంతా కలిసి సినిమాకి వెళ్ళాం, పిచ్చుకని చూడటానికి. మా వరసలో మేమిద్దరం, పిచ్చుక, దాని అమ్మానాన్న. వెనక వరసలో ఇస్త్రీ అతను, మందుల షాపు ఆయన, వాళ్ళ వాళ్ళు.

మా వంటిల్లు తెర మీదికి రాగానే వెనకనుంచి ఈలలు. పిచ్చుక కనిపించింది రెండు సెకన్లే. చప్పట్లు కొట్టాం, నేను అందరికంటే గట్టిగా.

కథ ఇదీ. దారి తప్పిన సైనికుడు ఒకడు దెబ్బలతో ఆ ఇంటికి చేరతాడు. మీసాలు కూడా సరిగా రాని కుర్రాడు. ఇంటావిడ కొడుకూ అని పిలిచి కూర్చోబెడుతుంది. గిన్నె మూత మీద గరిటెతో రెండుసార్లు తట్టింది. కొంగు మెడ వెనక్కి దోపుకుంది. గ్లాసు కింద అరచెయ్యి పట్టి నీళ్ళిచ్చింది. అందులో మత్తుమందు. హాలంతా ఊపిరి బిగబట్టింది. తాగకురా నాయనా, తాగకు అని నేనూ అనుకున్నాను. పైకే అన్నానేమో కూడా. తాగాడు. అలమర పక్కకి జరిగింది. రహస్యగదిలోంచి సుర్మా కళ్ళవాడు బయటికొచ్చి, ముందు తాపీగా నమాజు చేసి, ఆ తర్వాత కుర్రాడి గొంతు కోశాడు.

చివర్లో హీరో వచ్చి ఆవిణ్ణి మా పొయ్యి దగ్గరే కాల్చేశాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పిచ్చుక వాళ్ళమ్మ, నా పక్కింటి చెల్లి, తనూ కొట్టింది. కొడుతూ కొడుతూ నావైపు చూసి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

నాకు కోపం రాలేదు. ఆవిడ చస్తే నాకూ హమ్మయ్య అనిపించింది.

ఆగస్టు 25, ఉదయం

సినిమాలో వాడు నమాజుకి నిలబడగానే వెనకాల ఒక బరువైన మోత మొదలవుతుంది. డ్రమ్ము కాదు, ఇంకేదో. ఈ రోజు పొద్దున ఆయన ముందుగదిలో నమాజుకి నిలబడ్డారు. నేను టీ పెడుతున్నాను. నాకు ఆ మోత వినిపించింది. ఫ్రిజ్ శబ్దమేమో అని ప్లగ్ తీసి చూశాను.

ఆగస్టు 28

సందులో ఒకటే పరాచికాలు. ఇస్త్రీ అతను బట్టలు ఇస్తూ, అమ్మా ఇంట్లో ఎంతమంది ఉన్నారు, పైకి కనిపించేవాళ్ళేనా అన్నాడు. మందుల షాపు ఆయన మా ఆయన్ని జనరల్ గారూ అని పిలుస్తున్నాడట. నిద్రమాత్రలు ఏమైనా కావాలా, నీళ్ళలో కలపడానికి అన్నాడట. ఈయన ఇంటికొచ్చి చెప్పి నవ్వారు. నేనూ నవ్వాను.

ఆగస్టు 30

ఎవరో కుర్రాళ్ళు బండి ఆపి కిటికీ దగ్గర ఫోటోలు దిగారు. ఒకడు నన్ను చూసి, ఇక్కడ నిజంగానే మనుషులుంటున్నార్రా అన్నాడు.

సెప్టెంబర్ 2

ప్లంబర్ కుళాయి బాగుచెయ్యడానికి వచ్చాడు. ఎన్నేళ్ళుగానో వస్తున్నాడు. రాగానే అమ్మా గొంతు ఎండిపోతోంది అని అరవడం అలవాటు. ఈసారి అరవలేదు. నేనే గ్లాసు తీసుకెళ్ళాను. పర్లేదమ్మా అని సంచిలోంచి తన సీసా తీసుకున్నాడు. సినిమా చూశాన్లేమ్మా, అబ్బో, ఆవిడ అచ్చం మీలాగే చేసింది అన్నాడు. జోకే వేశాడు. కానీ తాగలేదు.

నా ఎడమ అరచెయ్యి గ్లాసు కిందే ఉంది. తీసేశాను.

సెప్టెంబర్ 4

పిచ్చుక బ్యాగులో స్కూల్ సీసా కాక ఇంకో కొత్త వాటర్ బాటిల్. అమ్మ ఇందులోవే తాగమంది పెద్దమ్మా, స్కూల్లో అందరికీ జలుబట అంది. మరి స్కూల్లోది సగం కూడా తాగలేదేం అన్నాను. ఇది ఇక్కడ తాగడానికట.

సెప్టెంబర్ 5

సీసా నిండుగానే తిరిగి పంపాను. మా కుండలో నీళ్ళే తాగింది. చెప్పొద్దని నేను అనలేదు. అదే చెప్పనంది.

సెప్టెంబర్ 9

పక్కింటి చెల్లి గుమ్మంలోనే నిలబడి మాట్లాడింది. పక్క వీధిలో డ్రాయింగ్ క్లాసు పెట్టారట అక్కా, దీనికి బొమ్మలంటే పిచ్చి కదా, రేపటినుంచి వ్యాన్ దిగి అటే వెళ్ళిపోతుంది, నీకూ కాస్త విశ్రాంతి అంది. లోపలికి రా, టీ తాగుదువు గాని అన్నాను. పొయ్యి మీద పాలున్నాయి అంది. ఎప్పుడూ పొయ్యి కట్టేసే వచ్చేది.

పిల్ల ఆమెది. ఆ మాట ఎన్నిసార్లు అనుకున్నా సాయంత్రం వ్యాన్ వచ్చే వేళకి కాళ్ళు గుమ్మం వైపే పోతాయి.

సెప్టెంబర్ 10

వ్యాన్ వచ్చింది. వెళ్ళింది.

సెప్టెంబర్ 15

ఆయనతో గొడవ. ఇల్లిచ్చింది మీరు అన్నాను. పాపని సినిమాలో పెడదామంటే ఫోన్ చేసింది నువ్వు అన్నారు. రెండూ నిజమే. ఇద్దరం అన్నం తిన్నాం. ఇల్లు మారిపోదాం అన్నాను. ఎక్కడికి వెళ్ళినా ఆ సినిమా అక్కడా ఆడుతుందిగా అన్నారు ఆయన.

సెప్టెంబర్ 18

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఈ రోజు షాపుకి సెలవు. ఆయన ముందుగదిలో పేపరు చదువుకుంటున్నారు. చెప్పులూ బూట్లూ చప్పుడు చేసుకుంటూ పిచ్చుక నాన్న వచ్చాడు. వెనక ఇస్త్రీ అతను, మందుల షాపు ఆయన, ఇంకా ఎవరో. పాప క్లాసుకి రాలేదని టీచర్ ఫోన్ చేసిందట. వ్యాన్ అతనేమో మూల మీద దింపేశానంటున్నాడట. వదినా, పాప ఇక్కడికి వచ్చిందా అన్నాడు. రాలేదయ్యా అన్నాను. పదండి వెతుకుదాం అని దుపట్టా అందుకున్నాను.

అతను వీధిలోకి వెళ్ళలేదు. బూట్లతో సరాసరి వంటింట్లోకి వెళ్ళాడు. నా అలమర రెండు చేతులా పట్టుకుని పక్కకి లాగాడు. డబ్బాలు దొర్లిపోయాయి. పంచదార నేల మీద పడింది. గోడ మీద చెవి పెట్టి, పిడికిలితో కొట్టాడు. అమ్మలూ అని పిలిచాడు.

మా ఇంట్లో అన్నం తిన్న మనిషి. ఆ ప్లైవుడ్ ఊడబీకుతుంటే వచ్చి చెయ్యి సాయం చేసిన మనిషి.

మా ఆయన పేపరు చేత్తోనే వంటింటి గుమ్మంలోకి వచ్చారు. ఎవరూ ఆపలేదు. మళ్ళీ కొట్టాడు.

గోడ లోపల్నుంచి ఎవరో తిరిగి కొట్టారు. మెల్లగా. టక్, టక్, టక్.

ఉందిరా, గది ఉంది అన్నాడు వెనకనుంచి ఎవరో. మందుల షాపు ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. పిచ్చుక నాన్న పొయ్యి పక్కనున్న రాతి పొత్రం ఎత్తి గోడకేసి కొట్టాడు. సున్నం పెళ్ళలుగా రాలింది. ఇంకోసారి ఎత్తాడు.

తమ్ముడూ, అవతల మీ పడగ్గది అన్నారు మా ఆయన. అరవలేదు. షాపులో చిన్నక్షరాలు చదివి వినిపించినట్టు చెప్పారు.

అతను పొత్రం అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. అందరూ వాళ్ళింటికి పరిగెత్తారు. ముందు తలుపుకి తాళం ఉంది కాబట్టి అక్కడ ఎవరూ చూడలేదు. పిచ్చుక పెరటి కిటికీలోంచి చెయ్యి దూర్చి గడియ తీసుకుని లోపలికి వెళ్ళింది. గోడవారగా ఉన్న బట్టల బీరువాలో చున్నీల మధ్య కూర్చుంది. డ్రాయింగ్ క్లాసు బాగోలేదట. అక్కడ కూర్చుంటే మా వంటింట్లో గరిటె చప్పుడు వినిపిస్తుందట. నాన్న కొట్టాడు కదా, అందుకే నేనూ కొట్టాను అందట.

పంచదార ఎత్తి, నేల మూడుసార్లు తుడిచాను. బూట్ల గుర్తులు పోయాయి.

ఒకటి మాత్రం రాయలేదు. ఇప్పుడు రాయలేను.

సెప్టెంబర్ 20

పక్కింటి చెల్లి వచ్చి నా చేతులు పట్టుకుని ఏడ్చింది. సినిమా అని మాకు తెలీదా అక్కా, పిల్ల కనబడకపోయేసరికి ఆయన బుర్ర పనిచెయ్యలేదు అంది. నేను వీపు నిమిరాను. పోన్లే, పిల్ల దొరికింది, అదే చాలు అన్నాను. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను.

తను వెళ్ళాక ఆలోచించాను. బుర్ర పనిచెయ్యలేదు, సరే. మరి కాళ్ళు వంటింటికే ఎందుకు వచ్చాయి? చేతులకి అలమర ఎలా తెలిసింది?

సెప్టెంబర్ 22

మేస్త్రీ వచ్చి గోడ పూశాడు. డబ్బులు నేనిస్తానని పిచ్చుక నాన్న గుమ్మం బయటే నిలబడి అన్నాడు. వద్దన్నారు ఆయన. తల ఎత్తకుండానే, క్షమించు అన్నయ్యా అన్నాడు. ఆయన అతని కళ్ళద్దాలు తీసి, తుడిచి, వంకర సరిచేసి మళ్ళీ పెట్టారు.

సెప్టెంబర్ 23, మధ్యాహ్నం

రాసేస్తాను.

గోడ లోపల్నుంచి చప్పుడు వచ్చినప్పుడు అందరూ గోడ వైపు చూశారు. నేను మా ఆయన వైపు చూశాను.

అవతల ఎవర్ని పెట్టావు అన్నట్టు చూశాను.

రెప్పపాటే. అవతల పక్కింటి పడగ్గది అని అందరికంటే నాకే బాగా తెలుసు. ఆ గోడ కింద ఎన్ని ఇటుకలు కుంగాయో కూడా తెలుసు. అయినా చూశాను. ఆయన సుర్మా పెట్టరు. చీమని తొక్కినా అయ్యో అనే మనిషి. ఆ క్షణంలో నేను చూసిన ముఖం మాత్రం ఆయనది కాదు, తెర మీద చూసింది.

ఆయన నా చూపు చూశారు. ఎవరి చూపు ఎక్కడ చెదిరిందో కనిపెట్టడమే ఆయన పని. పేపరు మడిచి పక్కన పెట్టి, ఆ తర్వాతే తమ్ముడూ అన్నారు.

సెప్టెంబర్ 29

పిచ్చుక మళ్ళీ వస్తోంది. డ్రాయింగ్ క్లాసు మాన్పించారు. దింపడానికి ల్యాబ్ నుంచి తల్లే వచ్చింది. బ్యాగులో రెండో సీసా లేదు. అక్కా కాసిని నీళ్ళివ్వు అని అడిగి, గుమ్మంలోనే గటగటా తాగేసింది. దాహం లేదని తెలుస్తూనే ఉంది. గ్లాసు ఖాళీ అయిందని నాకు చూపించినట్టు వంచింది. చూడలేక లోపలికి వచ్చేశాను.

పిచ్చుక ఒకటే వాగుడు. క్లాసులో ఎవరికి పళ్ళు ఊడాయో, ఎవరికి ఇంకా ఊడలేదో. వినడానికి ఎంత హాయిగా ఉందో! హోంవర్క్ చేస్తూ చేస్తూ పెన్సిలు ఆపి, నా చెవి దగ్గరికి వచ్చింది. అందరూ గది లేదంటున్నారు కానీ నాకు తెలుసు పెద్దమ్మా, నేను లోపల నిలబడ్డాను కదా అంది. అది చెక్కతో కట్టింది తల్లీ, తీసేశారు అన్నాను. సరే సరే అని పెద్దదానిలా తల ఊపింది. నేనెవరికీ చెప్పను, అమ్మకి కూడా, నువ్వేం భయపడకు అంది.

నా మెడ చుట్టూ చేతులు వేసి అంది.

అక్టోబర్ 6

ఆ చూపు గురించి ఆయన ఈ రోజు కూడా అడగలేదు.